ఆంగ్లేయులు ఆడిన చదరంగములలో ఉత్తమమైన ఆట యేది?

1980వ సంవత్సరము జనవరి మాసమున స్వీడను దేశమందలి స్కారా పట్టణములో ఐరోపా జట్ల పోటీ జరుగుచుండగా, ప్రపంచ విజేతయైన అనతోలీ కార్పోవ్ తన రాజు ముందరి బంటును రెండు గడులు జరిపెను. దానికి ప్రత్యుత్తరముగా బర్మింగ్‌హాము వాస్తవ్యుడైన టోనీ మైల్స్, బల్ల అంచున ఏనుగు ముందు నిలిచియున్న బంటును ఒక్క గడి మాత్రము ముందునకు త్రోసెను. బల్ల నడిమి గడులను ఆక్రమింపవలెననియు, గుర్రములను శకటులను త్వరగా వెలికి తీయవలెననియు పాఠ్యగ్రంథములన్నియు ముక్తకంఠముతో బోధించుచుండగా, ఆ బోధనను సంపూర్ణముగా త్రోసిరాజని, అదియును జగద్విజేత యెదుట, ఇట్టి యెత్తు వేయుట చూచి ప్రేక్షకులు నవ్విరని చెప్పుదురు. 46 ఎత్తులు ముగియునప్పటికి కార్పోవ్ ఓటమి నంగీకరించెను.

ఆంగ్లేయులాడిన చదరంగములలో సర్వోత్తమమైనది యేది యను చర్చ సాగినపుడెల్ల ముందుగా వినవచ్చునది ఈ యాటయే. ఆ సాహసమును తలచుకొన్నప్పుడు నా మనస్సు నేటికిని పులకించును. అయినను దీనికి ప్రథమస్థానము నిచ్చుటకు నేను సమ్మతింపను. మహావిజయము వేరు, మహాక్రీడ వేరు. ఎవరిని గెలిచితిమన్నది మొదటిదానికి కొలత. ఎట్లు గెలిచితిమన్నది రెండవదానికి కొలత. మైల్స్ మొదటి యెత్తులోని విభ్రమమును తీసివేసి చూచినచో, తక్కిన ఆట చక్కగా ఆడబడిన ఒక మంచి యాటయే కాని, అంతకుముందు మానవబుద్ధికి తోచని భావమేదియు అందు లేదు. ప్రత్యర్థి ప్రబలుడై యుండవలెను, అతడు తన శక్తికి తగినట్లు ఆడియుండవలెను, గెలుపునకు మూలమైన ఊహ ఆ ఆటతోనే పుట్టినదై యుండవలెను: ఈ మూడును సమకూడిన ఆటకే నేను ఉత్తమపదవి నీయగలను.

ఇంగ్లండు చదరంగ చరిత్రలో ఒక వింత గలదు. నేడు ప్రపంచమంతట పోటీలలో వాడుకలోనున్న పావుల రూపము 1849లో లండనులో విక్రయమునకు వచ్చి, హోవర్డ్ స్టాంటన్ పేరు ధరించినది. ఆ స్టాంటనే 1843లో పారిసు నగరమునకేగి, ఫ్రెంచివారిలో అగ్రగణ్యుడైన సెంటమాన్‌తో తలపడి, 11 ఆటలు గెలిచి, 6 ఓడి, 4 సమముగా ముగించి, చదరంగపు పెద్దరికమును తన దేశమునకు తెచ్చెను. 1851లో తొలి అంతర్జాతీయ పోటీ జరిగినదియు లండనులోనే. అయినను, ఆ సంవత్సరముననే ఆ నగరమున ఆడబడి ‘అమర క్రీడ’ యని ప్రఖ్యాతిగాంచిన ఆటలో ఇద్దరును విదేశీయులే: జర్మనీవాడగు ఆండర్సన్ గెలుపొందెను, కీసెరిట్స్కీ ఓడెను. ఆతిథ్యము మాత్రము ఇంగ్లండుది. అటుపిమ్మట శతాబ్దికి పైగా, ఇంగ్లండు గడ్డపై పుట్టినవాడెవ్వడును బల్ల యెదుట కూర్చుండి యాడు ఆటలో గ్రాండ్‌మాస్టరు బిరుదము నందలేదు. జిమ్ స్లేటర్ అను ధనవంతుడు మొదటివానికి 5,000 పౌండ్ల బహుమానము ప్రకటింపగా, 1976లో దానిని గెలుచుకొన్నవాడు పైన చెప్పిన మైల్సే.

బిరుదము లేకపోయినంతమాత్రమున ప్రతిభ లేదనరాదు. మాంచెస్టరున పుట్టిన బ్లాక్‌బర్న్ 1899లో, తన ఏబది యెనిమిదవ యేట, నాటి జగద్విజేత యైన ఇమాన్యుయెల్ లాస్కరును నల్లపావులతో ఓడించెను. మరల ఒక బ్రిటిషువాడు పదవిలోనున్న ప్రపంచ విజేతను గెలుచుటకు 1960 వరకు ఆగవలసివచ్చినది. ఆ యేడు లైప్‌జిగ్ ఒలింపియాడున మిహయిల్ తాల్‌ను జోనతన్ పెన్రోజ్ ఓడించెను. ఈయన మనస్తత్త్వశాస్త్రాధ్యాపకుడు, ఆట జీవనోపాధిగా ఎన్నడును స్వీకరింపనివాడు, పది పర్యాయములు బ్రిటిషు విజేత, 2020లో నోబెల్ బహుమానమందిన భౌతికశాస్త్రవేత్త రోజర్ పెన్రోజ్‌కు తమ్ముడు. ఆ ఆటలో ఆయన రాజు ముందరి బంటును ముందునకు త్రోసి తాల్‌కు ధారపోసెను; వెనువెంటనే ప్రక్క బంటును నడపి, ఖాళీయైన నడిమి గడిని తన గుర్రమునకు సింహాసనము చేసెను. బలిదానములతో లోకమును భ్రమింపజేయు తాల్‌ను, ఒక్క బంటును బలియిచ్చి స్థానబలముతో బంధించిన ఆ విధానము అత్యంత సుందరము. నా లెక్కలో దానికి మూడవ స్థానము తప్పదు.

1953–54 హేస్టింగ్సు పోటీలో అలెగ్జాండర్ అను ఆయన, జగద్విజేతృత్వపు పోటీని సమముగా ముగించిన బ్రోన్‌స్టైన్‌ను 120 ఎత్తుల సుదీర్ఘ సమరమున నల్లపావులతో గెలిచెను. రెండవ ప్రపంచయుద్ధకాలమున జర్మనుల రహస్యలిపిని ఛేదించిన బ్లెచ్లీ పార్కు మేధావులలో ఈయన ప్రముఖుడు. ఆ యోర్పు, ఆ పట్టుదల ప్రశంసనీయములే గాని, సౌందర్యము కొరకు వెదకువారికి అందు లభించునది స్వల్పము.

ఇక్కడ మరొక ప్రశ్న పుట్టుచున్నది. ఆంగ్లేయుడనగా ఎవరు? పంజాబులోని మిఠా తివానా గ్రామమున పుట్టి, సర్ ఉమర్ హయాత్ ఖాన్ పరివారములో ఒకడుగా 1929లో లండను చేరిన మీర్ సుల్తాన్ ఖాన్, ఆ వేసవిలోనే బ్రిటిషు విజేతయయ్యెను. 1932, 1933లలో మరల గెలిచెను. ఒలింపియాడులలో ఇంగ్లండు జట్టునకు మొదటి బల్లపై ఆడెను. మన పల్లెలలో పెద్దలు నేటికిని ఆడు నాటు ఆటలో బంటు మొదటి యడుగున రెండు గడులు దూకదు. ఐరోపావారి పద్ధతిలో రాజు కోట కట్టుకొనుట లేదు. రాజు ఒక్కమారు గుర్రమువలె దూకవచ్చును. సుల్తాన్ ఖాన్ ఆ యాటలో ఆరితేరి, ఐరోపా పద్ధతిని తరువాత నేర్చుకొన్నవాడు. తరతరములుగా గ్రంథములు చదివి వచ్చినవారితో, ప్రారంభపు టెత్తుల శాస్త్రము పెద్దగా ఎరుగకయే పోరాడి, 1930–31 హేస్టింగ్సులో ఆయన కపబ్లాంకాను 65 ఎత్తులలో ఓడించెను. కపబ్లాంకా 1916 నుండి 1924 వరకు ఎనిమిది సంవత్సరములు ఒక్క ఆటయు ఓడని మహామహుడు. 1933 తరువాత స్వగ్రామమునకు మరలి, పోటీలను విడిచి, సేద్యములో జీవించిన ఆయనకు, మరణానంతరము దాదాపు ఆరు దశాబ్దములకు, 2024లో గౌరవ గ్రాండ్‌మాస్టరు బిరుదము లభించినది. ఇంగ్లండు జట్టున ఆడినాడు గావున ఆ ఆట ఇంగ్లండుది అనువారు కలరు. నేనంగీకరింపను. ఆ బుద్ధి పంజాబు రచ్చబండలపై పదునెక్కినది. ఆ గెలుపును ఇంగ్లండు పద్దున వ్రాయుట అన్యాయము.

సర్ జార్జి థామస్ విషయమున అట్టి సందేహము లేదు. ఆయన పేర వెలసిన బ్యాడ్మింటను థామస్ కప్పును 2022లో బ్యాంకాకున మన దేశము మొదటిసారి గెలిచినప్పుడు, గుంటూరువాడైన కిడాంబి శ్రీకాంత్ తుది విజయమును సాధించెను. అమలాపురమువాడైన సాత్విక్ సాయిరాజ్ ఆ జట్టుననే యుండెను. కాని ఆ కప్పు పేరుగల మనుష్యుడు రెండుమార్లు బ్రిటిషు చదరంగ విజేతయనియు, 1934–35 హేస్టింగ్సు పోటీలో కపబ్లాంకాను, తరువాత జగద్విజేతయైన బొట్విన్నిక్‌ను ఇరువురిని ఓడించెననియు మనలో ఎరిగినవారు తక్కువ. విధివిలాసమేమో, ఆయన పేరు చదరంగ సంకలనములలో చిరస్థాయిగా నిలిచినది మాత్రము ఒక ఓటమి వలన. 1912లో లండనులో ఎడ్వర్డ్ లాస్కర్ తన మంత్రిని బలియిచ్చి, థామస్ నల్లరాజును కోటనుండి వెలికి లాగి, గడి వెంట గడిగా బల్ల ఆవలి యంచువరకు తరిమి, పదునెనిమిదవ యెత్తున తన రాజును ఒక యడుగు జరుపుటతోనే ఆట కట్టించెను. శత్రుసైన్యము నడుమనుండి నడచిన రాజు ఎట్లు చచ్చునో చూపుటకు అంతకు మించిన దృష్టాంతము లేదు. దీనిని పాఠకులు గుర్తుంచుకొందురు గాక.

ఇక అసలు పోటీ రెండు ఆటల నడుమనే.

మొదటిది 1985 జనవరిలో, హాలండు దేశమందలి వైక్ ఆన్ జీ పోటీలో, సోవియట్ యూనియను విజేత పదవిని పలుమార్లు పొందిన బెల్యావ్‌స్కీపై జాన్ నన్ ఆడినది. నన్ పదునైదవ యేట ఆక్స్‌ఫర్డున ప్రవేశించి గణితమున డాక్టరేటు పొందినవాడు. బెల్యావ్‌స్కీ ఎన్నుకొన్న విన్యాసమున తెల్లపావులవారు ఎఫ్-3 గడిలో ఒక బంటును నిలిపి, తమ నడిమి బంట్ల బారునంతటిని దానిపై ఆనించుదురు. పండ్రెండవ యెత్తున బెల్యావ్‌స్కీ ప్రక్క బంటును రెండు గడులు నడపి, నల్లవారి ఏనుగును గుర్రమును ఒక్కసారిగా బెదరించెను. రెంటిలో ఒకటి పోవుట నిశ్చయము. సామాన్యుడు ఏనుగును వెనుకకు తీసికొని గుర్రమునకై విచారించును. నన్ ఏనుగుతో ఆ మూలస్తంభమైన ఎఫ్-3 బంటునే పడగొట్టెను. బెల్యావ్‌స్కీ గుర్రమును తీసికొనగా, అప్పుడు నన్ వేసిన యెత్తు చూడవలెను: కొట్టుట లేదు, రాజుకు చెక్ లేదు, మంత్రిని తన వెనుక వరుసలోనే రెండు గడులు ప్రక్కకు జరిపి, ఏనుగు వెనుక నిలిపెను. గుర్రము పోయిన వెంటనే అంత ప్రశాంతముగా ఆడగలుగుట ఎంతటి దూరదృష్టి! తరువాత శకటు ముందునకు వచ్చి తెల్లమంత్రిని తరిమెను. నల్లమంత్రి శత్రుశిబిరము నడుమ కూర్చుండెను. ఏనుగు కూడ శకటునకై బలియైనది. గుర్రము చెక్ చెప్పి రాజును కోట కట్టుకొననీయక నడిబజారున నిలిపినది. 27 ఎత్తులకు తెల్లవారు చేతులెత్తిరి. అప్పటికి బెల్యావ్‌స్కీ ఒక ఏనుగు పుట్టిన మూలనుండి ఒక్కమారైనను కదలలేదు.

రెండవది 1991లో, హాలండులోనే, టిల్‌బర్గ్ పోటీలో నైజెల్ షార్ట్ ఆడినది. లాంకషైరువాడైన ఈయన రెండేండ్ల తరువాత కాస్పరోవ్‌తో జగద్విజేతృత్వమునకు పోరాడి, ఆ స్థాయి నందిన మొదటి ఆంగ్లేయుడయ్యెను. ఎదుట కూర్చున్నది డచ్చి వీరుడు యాన్ టిమ్మన్, అదియును అతని స్వదేశమున. ముప్పదవ యెత్తునకు స్థితి యిట్లున్నది: తెల్లమంత్రి నల్లరాజునకు రెండడుగుల దూరమున ఎఫ్-6లో తిష్ఠవేసినది, ఒక తెల్ల ఏనుగు ఏడవ వరుసలో పాగా వేసి ఎఫ్-7 బంటును నొక్కి పట్టినది, నల్ల ఏనుగులు రెండును తమ రాజు ప్రక్క కావలి కాచుచున్నవి, నల్లమంత్రి, శకటు దూరమున ఐమూలగా తెల్లకోటవైపు గురిపెట్టియున్నవి. జీ-7 గడిలో మంత్రి దిగినచో ఆట కట్టు. కాని మంత్రికి అండగా మరొక పావు కావలెను. శకటు అప్పటికే మారకమై పోయినది. గుర్రము కదలినచో నల్లమంత్రి తెల్లరాజుపై పడును. మిగిలినదెవరు?

రాజే. బల్లపై మంత్రులు, ఏనుగులు నిలిచియుండగా రాజు కోట విడువరాదనుట చదరంగమున పిల్లలకు సయితము తెలిసిన ధర్మము. షార్ట్ తన రాజును హెచ్-2కు, అచటినుండి జీ-3కి, ఎఫ్-4కు, జీ-5కు, నాలుగు అడుగులలో, ప్రొద్దుటిపూట పొలము గట్టున నడచు కాపువలె నిదానముగా నడిపించెను. టిమ్మన్ తన ఏనుగును అటు జరిపి ఇటు తెచ్చెను. చివరకు శకటుతో ఏడవ వరుసలోని ఏనుగును ముట్టడించెను. ముప్పది నాలుగవ యెత్తు చూచి ఆట విడిచెను. నల్లశకటు ఆ యేనుగును కొట్టినచో తెల్లరాజు హెచ్-6కు చేరును. తరువాత జీ-7లో మంత్రి ఆట కట్టించును.

దీనిపై చెప్పబడు ఆక్షేపణ ఒకటి గలదు. టిమ్మన్ అప్పటికే కాలు సేతులు కట్టబడియున్నాడు, కనుక ఆ నడకలో అపాయము లేదు, నన్ చేసిన బలిదానములతో అది సరిదూగదు అని కొందరందురు. అపాయము లేదన్నది నిజమే. కాని అది లేదని కనుగొన్నదెవరు? థామస్ రాజు గతి చూచిన లోకము, అంతకు పూర్వపు గురుపరంపర యంతయు, మంత్రులుండగా రాజు బయలుదేరుట మృత్యువని నిర్ణయించియుండగా, ఈ స్థితిలో ఆ నియమము వర్తింపదని గ్రహించుటయే ప్రజ్ఞ. నన్ బలిదానములు మహోజ్జ్వలములే. అయినను ఆండర్సన్ నాటినుండి వచ్చుచున్న సంప్రదాయమునకు అవి శిఖరములు. షార్ట్ నడకకు అట్టి సంప్రదాయపు అండ లేదు. అందుచేత ప్రథమస్థానము టిల్‌బర్గ్ ఆటకు, ద్వితీయము నన్ ఆటకు నేనిత్తును.

అపాయము లేదనువారు, అది లేదని కనుగొనుట ఎంతటి పనియో తెలియుటకు, టిమ్మన్ శకటుతో కొట్టక రాజును హెచ్-7కు జరిపియున్నచో ఏమగునో బల్లపై పెట్టి చూడవలెను. తెల్లమంత్రి జీ-6 బంటును కొట్టి చెక్ చెప్పును; ఏడవ వరుసలోని తెల్ల ఏనుగు వలన ఎఫ్-7 బంటు కట్టువడియున్నది గావున ఆ మంత్రిని తీయజాలదు; నల్లరాజు మూలకు పోగా మంత్రి హెచ్-6 నుండి మరల చెక్ చెప్పును; అతడు జీ-8కు తిరిగి రాగా, తెల్లరాజు ఎఫ్-6లో అడుగుపెట్టును. ఇక జీ-7 గడిని రక్షింపగల పావు నల్లవారి పక్షమున ఒక్కటియు లేదు.