ఒకే ఏరు, ఒకే సంత: దహబోన్ సరిహద్దు రైతులు

కరీబియను ప్రాంతమునందలి హిస్పానియోలా ద్వీపమును రెండు దేశములు పంచుకొనియున్నవి. పడమట హైతీ, తూర్పున డొమినికన్ రిపబ్లిక్. ఈ రెండింటి సరిహద్దున, వాయవ్య దిశలో దహబోన్ అను డొమినికన్ రాష్ట్రము కలదు. పేరునకు రాష్ట్రమేగాని వైశాల్యము సుమారు 1,020 చదరపు కిలోమీటర్లు, అనగా రెండున్నర లక్షల ఎకరములు మాత్రమే. ఇచటి రైతు జీవనము రెండింటిపై ఆధారపడియున్నది: ఒకటి సరిహద్దు ఏరు, రెండవది సరిహద్దు సంత. ఏటిపై తగవు పుట్టినచో సంత ఏమగునో 2023లో తేటతెల్లమైనది.

నేల, పంటలు

రాష్ట్రమునకు దక్షిణమున కొండలు. అచట రెస్టౌరసియోన్ ప్రాంతమున పైను చెట్ల అడవులు కలవు. ఉత్తరమునకు పోయినకొలది నేల పల్లమై, దహబోన్ పట్టణము చుట్టును మైదానమగును. మైదానమున కాలువల క్రింద వరి, బీళ్లలో పశువుల మేపు. డొమినికనులకు కూడ నిత్యాహారము అన్నమే. మన దేశమున పుట్టిన కంది సయితము ఆ దేశమున పండును. పచ్చి కందిగింజలను బియ్యముతో కలిపి వండుట వారికి ప్రీతి.

కొండలలో పుట్టిన దహబోన్ ఏరు సుమారు 55 కిలోమీటర్లు పారి సముద్రమున కలియును. కొంత దూరము ఇదియే రెండు దేశములకు ఎల్ల. దీనికి మసాక్రే, అనగా ఊచకోత ఏరు, అనియు పేరు. ఈ పేరు పాతదే. అయినను 1937 అక్టోబరులో నియంత త్రుహియో ఆజ్ఞపై ఈ సరిహద్దున వేలాది హైతీయులను చంపినందున, ఆ పేరు మరింత బాధాకరమైనది.

సంత

దహబోన్ పట్టణమునకు ఎదురుగా, ఏటి అవతల హైతీవారి వానామింత్ పట్టణమున్నది. సోమ, శుక్రవారములు దహబోనులో సంత. హైతీ వర్తకులు వంతెన దాటి వచ్చి గ్రుడ్లు, కోళ్లు, కూర అరటి, కూరగాయలు కొనిపోవుదురు. వాడిన బట్టలు మొదలగునవి తెచ్చి అమ్ముదురు. డొమినికన్ వరి పొలములలో హైతీ కూలీల శ్రమయు ఎక్కువే.

ఏటి తగవు

వానామింత్ వైపు మారిబారూ మైదానమున సుమారు 7,500 ఎకరములకు నీరిచ్చుటకై హైతీవారు ఒక కాలువ ఆరంభించిరి. 2021 జూలైలో వారి అధ్యక్షుడు జొవెనెల్ మోయిజ్ హత్య జరిగిన పిదప ఆగిన ఆ పనిని, 2023 ఆగస్టులో అచటి రైతులు, ప్రజలు తిరిగి చేపట్టిరి. తమ రైతులకు నీరు తగ్గునని డొమినికన్ ప్రభుత్వము అభ్యంతరము చెప్పినది. 1929 నాటి ఒడంబడిక ప్రకారము న్యాయమైన వాడుక తమకును కలదని హైతీవారు వాదించిరి. 2023 సెప్టెంబరు 15న అధ్యక్షుడు లూయిస్ అబినాదెర్ సరిహద్దును మూసివేసెను. అక్టోబరు 11న వ్యాపారమునకు కొంతవరకు తెరచినను, హైతీవైపు ద్వారము వెంటనే తెరువబడలేదు.

గ్రహింపదగినవి

ధాన్యము గాదెలో నిలువయుండును. కాని పండిన అరటి, కోసిన కూర, గ్రుడ్లు నిలువవు. కనుక ద్వారము మూసినపుడు మొదట దెబ్బ తగులునది త్వరగా చెడు సరుకు అమ్మువానికే. ఒకే సంతను నమ్మిన రైతు రెండవ దారి ముందే చూచుకొనవలెను.

ఇక నీటి మాట. చిన్న ఏటికి వేసవిలో ప్రవాహము స్వల్పము. ఉభయులకు నీరు కావలసినది అప్పుడే. ఎవరు ఎప్పుడెంత తీసికొనుచున్నారో కొలిచి, ఆ లెక్క ఇరుపక్షములకు తెలియజేసినచో అనుమానము తగ్గును. ఎగువ కొండలలో అడవి నిలిచినచో వాననీరు నేలలో ఇంకి మెల్లగా ఏటికి వచ్చును. కాలువ త్రవ్వుటెంత ముఖ్యమో, లెక్కయు అడవియు అంతే ముఖ్యము. ఏటికి ఇరువైపుల నున్నవారు రైతులే. ఒకరి పంట ఎండినచో, సంతలో రెండవవాని సరుకు కొనువాడును ఉండడు.