పలకపై రాతే.. శాసనం కాదు!

* మెమొరీ కార్డుకూ ఆయుష్షుంది
* అరిగిన బ్లాకు త్వరగా మరుస్తుంది
* ఏడాదికోసారి తిరగరాస్తేనే భద్రం

మార్కాపురం: పలకల పట్టణంగా పేరొందిన మార్కాపురంలో శిలాశాసనానికీ, పలకపై రాతకూ ఉన్న తేడా ఎవరికీ చెప్పనక్కర్లేదు. శాసనం తరతరాలు నిలిచేందుకు చెక్కినది. పలక రాసి చెరిపేందుకు పుట్టినది. నేడు పెళ్లి వీడియోలు, గతించిన పెద్దల ఫొటోలు, పిల్లల బారసాల ముచ్చట్లు, పొలం పత్రాల నకళ్లు మెమొరీ కార్డుల్లోనూ పెన్‌డ్రైవ్‌లలోనూ చేరి బీరువాల్లో కూర్చున్నాయి. దాచినవారు శాసనం చెక్కించామన్న ధీమాతో ఉన్నారు. వాస్తవానికి వారు రాసుకున్నది పలక మీదే. పైగా ఈ పలకకు రెండు గుణాలున్నాయి. చెరిపిన కొద్దీ అరుగుతుంది. ఎవరూ చెరపకపోయినా, ఏళ్లు గడిస్తే రాత దానంతటదే మసకబారుతుంది. ఈ రెండు గుణాలకు పరస్పర సంబంధం ఉండటమే అసలు చిక్కు.

విద్యుత్తే సిరా

మెమొరీ కార్డు, పెన్‌డ్రైవ్‌, సెల్‌ఫోన్‌, కంప్యూటర్‌లోని ఎస్‌ఎస్‌డీ.. రూపాలు వేరైనా వీటన్నింటి లోపల ఉన్నది ఫ్లాష్‌ మెమొరీయే. జపాన్‌లోని తోషిబా సంస్థలో పనిచేసిన ఫ్యుజియో మసువోకా దీనికి ఆద్యుడు. 1984లో ఆయన తన ఆవిష్కరణను ప్రపంచానికి వెల్లడించారు. ప్రస్తుతం కార్డుల్లో వాడుతున్న నాండ్‌ రకం 1987లో వెలుగు చూసింది. సమాచారాన్ని ఒక్కసారిగా చెరిపివేసే తీరు కెమెరా ఫ్లాష్‌ వెలుగును తలపించడంతో ఆ పేరు స్థిరపడింది.

దీని లోపల కోట్లాది సూక్ష్మ కణాలుంటాయి. ఒక్కో కణం ఒక చిన్న కుండ వంటిది. అందులో నింపేది ఎలక్ట్రాన్లను. కుండ చుట్టూ అత్యంత పలుచని విద్యుత్‌ బంధక పొర ఉంటుంది. రాసేటప్పుడు అధిక వోల్టేజీతో ఎలక్ట్రాన్లను ఆ పొర గుండా లోనికి నెడతారు. చెరిపేటప్పుడు అదే దారిన వెలుపలికి లాగుతారు. కరెంటు తీసివేసినా ఎలక్ట్రాన్లు లోపలే చిక్కుకుని ఉంటాయి. అందువల్లనే కార్డును జేబులో వేసుకుని తిరిగినా ఫొటోలు చెదరవు. అయితే ప్రతి రాకపోకకూ ఆ పొర కొంత దెబ్బతింటుంది. దెబ్బతిన్న పొర గుండా ఎలక్ట్రాన్లు మెల్లగా జారిపోతుంటాయి.

రాసేది పేజీ.. చెరిపేది బ్లాకు

ఫ్లాష్‌లో సమాచారాన్ని పేజీల లెక్కన రాస్తారు. కొన్ని వందల పేజీలు కలిస్తే ఒక బ్లాకు. చెరపాలంటే మాత్రం పేజీ లెక్కన కుదరదు, బ్లాకు మొత్తాన్నీ తుడవాల్సిందే. పలకపై ఒక్క అక్షరం తప్పు పోయిందని పలకంతా తుడిచి మళ్లీ రాయడం వంటిదిది. అందువల్ల చిన్న మార్పు చేసినా లోపల కంటికి కనిపించని శ్రమ చాలా జరుగుతుంది. అరుగుదలను లెక్కించేదీ, మంచి చెడ్డలు చూసేదీ బ్లాకు ప్రాతిపదికగానే.

ఒక కణంలో ఎంత సమాచారం కుక్కారన్న దానిపై దాని ఆయుష్షు ఆధారపడుతుంది. ఒక కణానికి ఒకే బిట్‌ ఉంచే రకం లక్ష సార్ల వరకు రాసి చెరపడాన్ని తట్టుకోగలదు. రెండు బిట్లు ఉంచితే ఆ సామర్థ్యం సాధారణంగా కొన్ని వేలకు పడిపోతుంది. నేడు బజారులో విస్తారంగా లభిస్తున్న మూడు బిట్ల రకానిది వెయ్యి నుంచి మూడు వేల స్థాయి. నాలుగు బిట్ల రకానిది అంతకంటే తక్కువ. కారణం సులువుగానే బోధపడుతుంది. బిందె నిండుగా ఉందా, ఖాళీగా ఉందా అని మాత్రమే చూడాలంటే కాసిన్ని నీళ్లు కారినా ఇబ్బంది లేదు. అదే బిందెకు ఎనిమిది గీతలు గీసి, నీళ్లు ఏ గీత వద్ద ఉన్నాయో చెప్పాలంటే చిన్న చెమ్మ కూడా లెక్క తప్పిస్తుంది. మూడు బిట్ల కణంలో ఉన్నవి ఆ ఎనిమిది గీతలే. ధర తగ్గింది, నిల్వ పెరిగింది, ఓర్పు తరిగింది.

కారే డ్రమ్ము చెప్పే నీతి

వేసవిలో ట్యాంకరు నీళ్లకు ఎదురుచూసే పశ్చిమ ప్రకాశం ఇల్లాలికి డ్రమ్ముల మంచి చెడ్డలు బాగా ఎరుక. అడుగున కారుతున్న డ్రమ్మును ఆమె పారేయదు. ఆ పూట గిన్నెలు తోమడానికి, బట్టలు ఉతకడానికి వాడే నీళ్లు అందులో పడతారు. మళ్లీ ట్యాంకరు వచ్చే దాకా నిలవాల్సిన నీళ్లను గట్టి డ్రమ్ములోనే పోస్తారు. నీళ్లు ఎన్నాళ్లు నిలవాలన్నదాన్ని బట్టి పాత్రను ఎంచుకోవడమే ఇందులోని కిటుకు.

ఫ్లాష్‌ మెమొరీ నిర్వహణలోని సారమంతా ఇదే. ప్రతి కార్డులో, ప్రతి ఎస్‌ఎస్‌డీలో కంట్రోలర్‌ అనే చిన్న చిప్‌ ఉంటుంది. మంచి కంట్రోలర్‌ ఒక్కో బ్లాకును ఎన్నిసార్లు చెరిపారో లెక్క రాసుకుంటుంది. చదివినప్పుడు ఎన్ని తప్పులు దొర్లాయో, వాటిని సరిదిద్దడానికి ఎంత శ్రమ పడాల్సి వచ్చిందో గమనిస్తుంది. ఈ వివరాలే ఆ బ్లాకు ఆరోగ్య పట్టిక. పూర్తిగా చెడిన బ్లాకును పక్కనపెట్టి, ముందుగానే దాచి ఉంచిన అదనపు బ్లాకును దాని స్థానంలో చేరుస్తుంది. 1988లో ఏర్పాటైన శాన్‌డిస్క్‌ సంస్థ తొలినాటి పేటెంట్లలోనే చెడిన కణాలను మంచివాటితో భర్తీ చేసే పద్ధతి ఉంది. ఆ సంస్థ సహ వ్యవస్థాపకుల్లో ఒకరైన సంజయ్‌ మెహ్రోత్రా కాన్పూర్‌లో జన్మించినవారు కావడం విశేషం.

అరుగుదల ఒకే చోట పడకుండా రాతలను అన్ని బ్లాకులకూ పంచడం కంట్రోలర్‌ చేసే మరో పని. ఇక్కడే ఒక ధర్మసంకటం ఎదురవుతుంది. బాగా అరిగిన బ్లాకుకు విశ్రాంతి ఇవ్వాలంటే, ఎప్పుడూ మారని సమాచారాన్ని అందులో ఉంచడం ఒక మార్గం. ఇక దాన్ని ఎవరూ చెరపరు కాబట్టి అరుగుదల ఆగుతుంది. కానీ అరిగిన బ్లాకు సమాచారాన్ని ఎక్కువ కాలం నిలుపుకోలేదు. కదలకుండా ఏళ్ల తరబడి ఉండాల్సిన పెళ్లి ఫొటో అందులో పడితే, కారే డ్రమ్ములో రేపటి నీళ్లు పోసినట్లే. అందువల్ల మెరుగైన కంట్రోలర్లు బ్లాకు ఆరోగ్యంతోపాటు సమాచారం ఎన్నాళ్లు ఉండాలన్నదీ పరిగణనలోకి తీసుకుంటాయి. త్వరలో మారిపోయే సమాచారాన్ని అరిగిన బ్లాకులకూ, చిరకాలం ఉండేదాన్ని ఆరోగ్యకరమైన బ్లాకులకూ కేటాయిస్తాయి. తప్పులు పెరుగుతున్నట్లు గమనిస్తే చదివి, సరిదిద్ది, వేరే బ్లాకులో తిరగరాస్తాయి.

అయితే ఈ కాపలా అంతా కరెంటు అందుతున్నప్పుడే. బీరువాలో ఉన్న కార్డులో కాపలాదారు నిద్రపోతున్నట్లే లెక్క. పైగా చౌక రకం కార్డుల్లో ఇన్ని ఏర్పాట్లు ఉంటాయన్న హామీ లేదు.

ఎండ దెబ్బ

వేడి పెరిగితే ఎలక్ట్రాన్ల జారుడూ వేగం పుంజుకుంటుంది. ఎస్‌ఎస్‌డీల కోసం జెడెక్‌ అనే అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఒక నియమం విధించింది. గృహ వినియోగ ఎస్‌ఎస్‌డీ తనకు నిర్దేశించిన రాతల కోటా మొత్తం వాడేసిన తర్వాత కూడా, కరెంటు లేకుండా 30 డిగ్రీల వద్ద ఏడాదిపాటు సమాచారాన్ని నిలపాలి. భారీ సర్వర్లలో వాడే రకానికి 40 డిగ్రీల వద్ద మూడు నెలల గడువు పెట్టారు. ఉష్ణోగ్రత ఐదు డిగ్రీలు పెరిగితే సమాచారం నిలిచే కాలం సుమారు సగానికి తగ్గుతుందన్నది స్థూలమైన లెక్క. 30 డిగ్రీల వద్ద ఏడాది నిలిచేది, 40 డిగ్రీల వద్ద దాదాపు మూడు నెలలకే పరిమితమవుతుందన్నమాట.

ఇది అరిగి చివరి దశకు చేరిన ఎస్‌ఎస్‌డీ లెక్క. కొత్తది, తక్కువగా వాడినది ఏళ్లపాటు నిలుపుతుంది కనుక బెంబేలెత్తనక్కర్లేదు. కానీ మెమొరీ కార్డులకు, పెన్‌డ్రైవ్‌లకు ఈ నియమం వర్తించదన్నది గుర్తించాలి. వేసవిలో 40 డిగ్రీలు దాటే మార్కాపురం, గిద్దలూరు, కంభం ప్రాంతాల్లో రేకుల ఇంటిలోని ట్రంకుపెట్టె, ఎండలో నిలిపిన కారు అర మరింతగా కాగుతాయి. జ్ఞాపకాలు దాచేందుకు అవి తగిన చోట్లు కావు.

సీసీ కెమెరాలతో జాగ్రత్త

దుకాణాల్లో, ఇళ్లలో బిగించే చిన్న సీసీ కెమెరాలు కార్డులను వేగంగా అరగదీస్తాయి. సెకనుకు 4 మెగాబిట్ల చొప్పున రికార్డు చేసే కెమెరా రోజుకు దాదాపు 43 జీబీ రాస్తుంది. 64 జీబీ కార్డు ఒకటిన్నర రోజుకే నిండి, పాతది చెరిగి, కొత్తది మొదలవుతుంది. ఈ లెక్కన ఏడాదికి సుమారు 245 సార్లు, నాలుగేళ్లలో దాదాపు వెయ్యి సార్లు కార్డు మొత్తం రాసి చెరిపినట్లవుతుంది. మూడు బిట్ల కణాల ఓర్పు హద్దు మొదలయ్యేదీ అక్కడే. దొంగతనం జరిగిన రోజున దృశ్యాలు లేవని తెలిసి లబోదిబోమనడం కంటే, నిరంతర రికార్డింగు కోసం ప్రత్యేకంగా తయారైన కార్డును వాడి, గడువు ప్రకారం మార్చుకోవడం మేలు.

నల్లమలలోని నాగార్జునసాగర్‌-శ్రీశైలం పులుల అభయారణ్యంలో పెద్దపులుల లెక్కింపునకు కెమెరా ట్రాప్‌లను వాడతారు. ఇటువంటి కెమెరాలో కార్డు పాత్ర భిన్నం. అది రాసేది తక్కువ, కానీ ఆ రాత విలువైనది. ఎండావానల్లో రోజుల తరబడి చెట్టుకు ఉండే కెమెరాలో అరిగిన కార్డు పెడితే, పులి వచ్చి వెళ్లినా ఆనవాలు దక్కకపోవచ్చు. దుకాణం కెమెరాలో అలసిన కార్డును తీసి ఇంటి ఫొటోలు దాచడమూ అటువంటి పొరపాటే. ఖాళీగా కనిపించినంత మాత్రాన కార్డు కొత్తది కాదు. ఫార్మాట్‌ చేస్తే సమాచారం పోతుంది తప్ప అరుగుదల పోదు.

ఇలా చేయాలి

* నిత్యం వాడే కార్డు, దాచుకునే కార్డు వేర్వేరుగా ఉండాలి. దాచుకునేందుకు కొత్త కార్డునే వినియోగించాలి.

* ఏడాదికోసారి దాచిన సమాచారమంతా కంప్యూటర్‌లోకి ఎక్కించి, ఫైళ్లు తెరుచుకుంటున్నాయో లేదో చూసుకోవాలి. ఆపై కార్డును ఫార్మాట్‌ చేసి తిరిగి రాయాలి. కార్డును ఊరికే కంప్యూటర్‌కు తగిలించి తీసినంత మాత్రాన రాత కొత్తదవుతుందన్న భరోసా లేదు.

* ఒకే చోట నమ్మకం పెట్టుకోరాదు. కనీసం రెండు ప్రతులుండాలి. ఒకటి ఫ్లాష్‌లో ఉంటే మరొకటి హార్డ్‌డిస్క్‌ వంటి వేరే రకం సాధనంలో ఉండటం శ్రేయస్కరం. ముఖ్యమైన ఫొటోలకు, పత్రాలకు కాగితం ప్రతి తీసుకోవాలి.

* ఫైళ్లు తెరుచుకోవడానికి మరీ ఆలస్యమవుతున్నా, కొన్ని ఫొటోలు సగమే కనిపిస్తున్నా, కొత్తగా రాయనివ్వకపోయినా అది హెచ్చరికే. అప్పుడు ఇంకేమీ రాయకుండా, ఫార్మాట్‌ చేయకుండా, ఉన్నదంతా వెంటనే వేరే చోటికి చేర్చాలి.

* ఎస్‌ఎస్‌డీ తన అరుగుదల శాతాన్ని తానే నమోదు చేసుకుంటుంది. దానిని చూపే ఉచిత సాఫ్ట్‌వేర్లున్నాయి. అప్పుడప్పుడు చూసుకోవాలి. మెమొరీ కార్డుల్లో ఆ వెసులుబాటు సాధారణంగా ఉండదు కనుక కొన్న తేదీని కవరుపై రాసిపెట్టుకోవాలి.

* అతి తక్కువ ధరకు అత్యధిక జీబీ అంటూ అమ్మే కార్డులతో అప్రమత్తంగా ఉండాలి. చూపిన సామర్థ్యం లోపల లేని నకిలీలు బజారులో ఉన్నాయి. కొన్న వెంటనే నిండా నింపి, తిరిగి చదివి చూడాలి.

* కార్డులను ఇంట్లో చల్లని, పొడి చోట ఉంచాలి. వాహనాల్లో, పైకప్పు కింది అటకపై వదలరాదు.

పలకతో అక్షరాలు దిద్దించిన మార్కాపురం పెద్దలు పిల్లలకు ఒక అలవాటు నేర్పారు. రాసిన అక్షరం మసకబారితే దానిపైనే మళ్లీ దిద్దించేవారు. దిద్దిన కొద్దీ అక్షరం నిలిచేది. బీరువాలోని కార్డుకు కావలసిందీ ఆ మళ్లీ దిద్దడమే. ఏడాదికి ఒక పూట వెచ్చిస్తే చాలు. ఇక తిరిగి తీయలేని ఫొటో, ఇక వినలేని గొంతు మరో ఏడాది చెంతనే ఉంటాయి.