పాత స్పోర్ట్సు కారులో చల్లని గాలి



వేసవి మధ్యాహ్నమున వాకిట వట్టివేళ్ళ తడిక గట్టి, దానిపై నీళ్ళు చిలుకరించి, లోపల చాప పరచుకొని పరుండుట మన పెద్దలెరిగిన సుఖమే. క్రొత్తకుండలోని నీరు చల్లబడుట యేల? కుండగోడలనుండి చెమర్చిన నీరు ఆవిరియగుచుండును. ఆవిరియగుటకు వలసిన వేడిమిని అది కుండలోని నీటినుండియే లాగుకొనును. కావున లోపల మిగిలిన నీరు చల్లబడును. నేడు మోటారు కార్లలో చల్లగాలి నిచ్చెడి యంత్రము పనిచేయుచున్నదియు నీ సూత్రముపైననే. సూత్రము మనకు పాతదే. సామగ్రి మాత్రము వేరు. ఈ యంత్రము పాతబడి చెడినపుడు, కారు యజమాని దానిని తన చేతులతో బాగుచేసికొనవచ్చునా? వచ్చునేని ఎంతవరకు చేసికొనవచ్చును? ఎచ్చట ఆగవలయును? ఇది నేటి ప్రసంగవిషయము.

ఉదాహరణమునకు జర్మనీలోని స్టుట్‌గార్టు నగరమున తయారగు పోర్షె 911 అను స్పోర్ట్సు కారును దీసికొందము. ఇది 1963వ సంవత్సరమున ఫ్రాంక్‌ఫర్టు ప్రదర్శనమున మొదటిసారి జూపబడినది. వేగమునకును, సొగసునకును పేరుపొందినది. ఇంజను వెనుకభాగమున నుండుట దీని విశేషము. 1980 ప్రాంతమున అమెరికాకు పంపబడిన యిట్టి కార్లు నేటికిని అచ్చట పెక్కు తిరుగుచున్నవి. ఆ దేశమున పనివాని కూలి మిక్కిలి ప్రియము. అందువలన చాలమంది యజమానులు సెలవుదినములలో ఇంటి గరాజియందే పనిముట్లు పరచుకొని మరమ్మతులు చేసికొందురు. ఈ కారు మన యూళ్ళలో కనబడకపోవచ్చును. కాని మీ గ్రామమునకు కిరాయికి వచ్చెడి చిన్నకారులో సైతము ఇదే యంత్రము గలదు. కావున దీని మర్మము తెలిసికొనుట వ్యర్థము గాదు.

యంత్రమున ముఖ్యమైన యంగములు నాలుగు. మొదటిది కంప్రెసరు. ఇది ఇంజనునకు బెల్టుతో తగిలింపబడి, వాయువును నొక్కి యొత్తును. సైకిలు పంపుతో ట్యూబునకు గాలి కొట్టునపుడు పంపు అడుగుభాగము కాలుట మీరు చూచియున్నారు గదా! అట్లే నొక్కబడిన వాయువు మిగుల వేడియగును. ఆ వేడివాయువు రెండవ యంగమగు కండెన్సరునకు బోవును. సన్నని రేకులతో గూడిన యా జాలికి బయటిగాలి తగులగా, వాయువు తన వేడిని బయటకు విడిచి ద్రవమగును. మూడవది ఎక్స్‌పాన్షన్ వాల్వు. ఇది సూదిబెజ్జమువంటి సన్నని ద్వారము. దీనిగుండా వెడలిన ద్రవముపై ఒత్తిడి ఒక్కసారిగా తగ్గును. నాలుగవది ఎవాపరేటరు, మన మేస్త్రీలు దీనిని కూలింగు కాయిలందురు. ఒత్తిడి తగ్గిన ద్రవ మిచ్చట మరగి ఆవిరియగుచు, కారులోని గాలినుండి వేడిని లాగికొనును. ఆ గాలినే ఫ్యాను మనపై విసరును. పిమ్మట వాయువు తిరిగి కంప్రెసరును జేరును. ఇది గానుగ యెద్దువలె ఎడతెగక తిరుగుచుండెడి చక్రము. వీనితోపాటు తేమను పీల్చుకొనుటకు డ్రయ్యరను చిన్నడబ్బా యొకటి గలదు.

ఇందు తిరుగు వాయువు సామాన్యమైనది గాదు. నీరు 100 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద మరుగును గదా; పాతకార్లలో వాడిన ఆర్-12 అను పదార్థము సున్నకు దిగువ సుమారు 30 డిగ్రీల వద్దనే మరగును. దీనిని 1928 ప్రాంతమున అమెరికాలో థామస్ మిడ్‌గ్లీయు నాతని సహచరులును కనుగొనిరి. ఇది అంటుకొనదు, వాసన లేదు, వెంటనే విషమును గాదు. అందువలన లోకమంతయు దీనిని మెచ్చుకొన్నది. 1940 ప్రాంతమున ప్యాకార్డు కంపెనీవారు తమ కార్లలో చల్లగాలి యంత్రమును అమర్చి అమ్మిరి.

కాని యా మెప్పు వెనుక ఒక అనర్థము దాగియుండెను. ఈ వాయువు గాలిలో కలసినచో సుమారు నూరేండ్లు నశింపక, మెల్లగా పైకెక్కి, భూమికి గొడుగువలె నున్న ఓజోను పొరను జేరును. అచ్చట సూర్యకిరణముల తాకిడికి విచ్ఛిన్నమై, దానిలోని క్లోరిను ఆ పొరను తినివేయును. పొర పలుచబడినచో అతినీలలోహిత కిరణములు నేలను జేరి, చర్మమునకు క్యాన్సరును, కంటికి శుక్లమును కలిగించును. ఈ ప్రమాదమును 1974లో మొలీనా, రోలండను శాస్త్రజ్ఞులు వెల్లడించిరి. 1985లో అంటార్కిటికా మీది పొర మిగుల పలుచబడినట్లు బ్రిటిషు పరిశోధకులు ప్రకటించిరి. 1987 సెప్టెంబరు 16న కెనడాలోని మాంట్రియల్ నగరమున దేశములు ఒడంబడిక చేసికొన్నవి. భారతదేశము 1992లో దానియందు జేరెను. సంపన్నదేశములు 1996 నాటికి, మనవంటి దేశములు 2010 నాటికి ఇట్టి వాయువుల తయారీని మానవలసినదని నిర్ణయమాయెను. ఫలితముగా ఓజోను పొర మరల కోలుకొనుచున్నది. లోకమున అధికభాగముపై 2040 ప్రాంతమునకు, అంటార్కిటికాపై 2066 ప్రాంతమునకు అది 1980 నాటి స్థితికి వచ్చునని 2022లో శాస్త్రజ్ఞులు అంచనా వేసిరి. ఒక మనుష్యుడు తన గరాజిలో ఒక మర విప్పుటకును, అందరి తలపైనున్న యాకాశమునకును సంబంధ మిది.

ఇక మన కారు మాట. పోర్షె 911లో కంప్రెసరు వెనుక ఇంజనువద్ద నుండును. ఒక కండెన్సరు ఇంజను మూతక్రిందను, మరియొకటి కారు ముందుభాగమున అడుగునను ఉండును. కూలింగు కాయిల్ ముందుభాగముననే యుండును. అందువలన వాయువు వెనుకనుండి ముందునకు, ముందునుండి వెనుకకు పొడవైన రబ్బరు గొట్టముల వెంట ప్రయాణము చేయవలయును. ఆనాటి రబ్బరు గొట్టములకు లోపల నైలాను పొర లేదు. కనుక కుండగోడనుండి నీరు చెమర్చినట్లు వాయువు రబ్బరునుండి కొద్దికొద్దిగా జారిపోవును. కీళ్ళవద్దనుండు రబ్బరు ఓరింగులు కాలక్రమమున గట్టిపడి పగులును. పాతకారు చల్లదనము నీయకుండుటకు తరచుగా ఇదియే కారణము.

ఇచ్చట ముఖ్యమైన మాట యొకటి చెప్పెదను. ఈ వాయువు పెట్రోలువలె ఖర్చగునది గాదు. మూసిన చక్రములో తిరుగునదేగాని తరుగునది గాదు. తగ్గినదన్నచో ఎచ్చటనో కారుచున్నదని యర్థము. కావున "ఏటేట గ్యాసు పట్టించవలయు"నని యెవరైన చెప్పినచో, "ముందు కారుచున్న చోటేది?" యని యడుగుడు. చిల్లికుండలో నీళ్ళు పోసినట్లు గ్యాసు నింపుట సొమ్మునకును దండుగ, లోకమునకును హాని.

యజమాని మొదట చేయవలసినది ఏ మరయు విప్పకుండ పరీక్షించుట. బెల్టు వదులైనదా, ఫ్యూజు పోయినదా, ఫ్యాను తిరుగుచున్నదా, కండెన్సరు రేకులలో ఆకులు, దుమ్ము చేరినవా యని చూడవలయును. స్విచ్చి నొక్కగానే కంప్రెసరు ముందుభాగము పట్టుకొని తిరుగుచున్నదేమో గమనింపవలయును. కీళ్ళవద్ద నూనెమరక కనబడినచో అచ్చట కారుచున్నదని గ్రహింపవచ్చును. వాయువుతోపాటు కంప్రెసరు నూనెయు తిరుగుచుండుటయే దానికి కారణము. ఈ పరీక్షలకు ఖర్చు లేదు, ప్రమాదమును అంతగా లేదు. ఇంజను తిరుగుచుండగా మాత్రము చేతులు, పంచె కొంగులు బెల్టునకు దూరముగా నుంచవలయును.

రెండవ మెట్టున యజమాని ఆగవలయును. లోపల వాయువు కొంచెమైనను మిగిలియున్నచో, దానిని యంత్రముతో తీసి సీసాలో పట్టు అర్హతగల పనివానికి కారు నప్పగింపవలయును. ఆర్-12ను తెలిసి తెలిసి గాలిలోనికి విడుచుట అమెరికాలో 1992 నుండి నేరము. కూలికి ఈ పని చేయువారు ప్రమాణపత్రము పొందియుండవలయునని యచ్చటి చట్టము. చట్టము మాట యటుంచినను, పైకి పోయిన వాయువును తిరిగి పట్టితెచ్చువా డెవ్వడును లేడు.

వాయువు తీసిన పిమ్మట మరల యజమాని పని. పాతగొట్టములు దీసి, లోపల నైలాను పొరగల క్రొత్తవి వేయవలయును. ఓరింగు లన్నిటిని మార్చి, నూనె రాసి బిగింపవలయును. విప్పిన ప్రతి మూతిని వెంటనే మూయవలయును. దుమ్మును, తేమయు ఈ యంత్రమునకు శత్రువులు. డ్రయ్యరును తప్పక మార్చవలయును. దానిని అన్నిటికంటె కడపట బిగింపవలయును. ఏలయన మూత తీసినది మొదలు అది గాలిలోని తేమను పీల్చుకొనుచునే యుండును. ఇప్పుడు ఆర్-12 దుర్లభము గనుక దానికి బదులు ఆర్-134ఎ అను వాయువును నింపుట వాడుక. అయితే పాత ఖనిజపు నూనె ఈ వాయువుతో కలసి తిరుగదు. ఆ నూనెను కడిగివేసి, తగిన క్రొత్తనూనె నింపనిచో కంప్రెసరు ఎండి పట్టివేయును. మార్చిన కారునకు ఏ వాయువు నింపబడినదో తెలుపు చీటీ నంటించుట విధి. తరువాతి పనివాడు మోసపోకుండుట కది యుపకరించును.

బిగింపు ముగిసిన తరువాత పొడి నైట్రోజను నింపి, కీళ్ళకు సబ్బునీరు రాచి బుడగలు వచ్చునేమో చూడవలయును. ఇందులకు ఆక్సిజను ఎన్నడును వాడరాదు. నూనెతో గూడి ప్రేలును. పిమ్మట వాక్యూం పంపుతో లోపలి గాలినంతను లాగివేయవలయును. ఇట్లు లాగుట గాలికొరకు మాత్రమే గాదు, తేమకొరకును. బదరీనాథ యాత్ర చేసినవారికి అచ్చట అన్న మాలస్యముగా నుడుకుట తెలియును. ఎత్తున గాలి యొత్తిడి తక్కువగుటచే అచ్చట నీరు సుమారు 90 డిగ్రీలకే మరగును. ఒత్తిడిని ఇంకను తగ్గించినచో 25 డిగ్రీలకే, అనగా చేతికి చల్లగా నున్నప్పుడే, నీరు మరగి ఆవిరియై పంపుద్వారా వెడలిపోవును. తేమ మిగిలినచో అది సన్నని వాల్వువద్ద మంచుగా గడ్డకట్టి దారి మూయును. ఆమ్లముగా మారి లోహమును తినును. ముప్పావు గంటయో, గంటయో పంపు నడిపి, ఆపి, అరగంట వేచియుండవలయును. గేజి ముల్లు కదలక నిలిచినచో బిగింపు సరియైనది. ముల్లు తిరిగినచో మరల వెదుకవలసినదే. తొందరపడువాని పని ఇచ్చటనే చెడును.

నింపుట తూకముతో చేయవలయునుగాని కంటి కొలతతో గాదు. ఆర్-134ఎ నింపునపుడు, పాత ఆర్-12 తూకములో నూటికి 80 నుండి 90 పాళ్ళు చాలును. ఇంజను నడచుచుండగా డబ్బాను నిలువుగా బట్టుకొని, తక్కువ ఒత్తిడిగల వైపునుండియే నింపవలయును. ఎక్కువ ఒత్తిడిగల వైపు వాల్వును విప్పినచో ఆ యొత్తిడి డబ్బాలోనికి తిరుగబడి డబ్బా ప్రేలవచ్చును. కంటికి అద్దములు, చేతికి తొడుగులు తప్పనిసరి. ద్రవము కంటబడినచో కన్ను గడ్డకట్టి చూపే పోవచ్చును. చుట్ట, బీడీ, దీపము దరిజేరనీయరాదు. ఈ వాయువులు మంటలోబడినచో విషవాయువులగును. వంటగ్యాసువంటి మండెడి వాయువులను పాతకార్లలో నింపి తృప్తిపడువారు గలరు. కూర్చుండు గదిలోనికి గాలి నంపు యంత్రమున మంటకు సిద్ధమైన వాయువును నింపుట ఎంత సాహసమో మీరే యోచింపుడు.

నింపిన తరువాత గేజీలు చూడవలయును. బయట 35 డిగ్రీల వేడి యున్నపుడు తక్కువ వైపు చదరపు అంగుళమునకు సుమారు 30 నుండి 45 పౌనులు, ఎక్కువ వైపు సుమారు 210 నుండి 240 పౌనులు ఉండుట సామాన్యము. కారు పుస్తకమున నున్న అంకెలే ప్రమాణము. రెండును తక్కువైనచో వాయువు చాలలేదు. రెండును ఎక్కువైనచో వాయువు మించినదో, కండెన్సరునకు గాలి చాలదో యగును. తక్కువ వైపు హెచ్చి, ఎక్కువ వైపు తగ్గినచో కంప్రెసరు అరిగినది. వైద్యుడు నాడి పట్టి చూచినట్లు ఈ రెండు ముళ్ళను బట్టి రోగము నిర్ణయింపవచ్చును. ఇంత చేసినను ఈ కారు చల్లదనము ఆర్-12 నాటి చల్లదనమును పూర్తిగా అందుకొనకపోవచ్చును. క్రొత్త వాయువునకు కండెన్సరు మరికొంత పెద్దది కావలయును. పెద్ద కండెన్సరును, అదనపు ఫ్యానును అమర్చుకొనువా రిందులకే అట్లు చేయుదురు.

ఆర్-134ఎ ఓజోను పొరకు హాని చేయదు. కాని భూమిని వేడెక్కించుటలో బొగ్గుపులుసు గాలికంటె సుమారు 1,430 రెట్లు బలవత్తరము. అందువలన దానిని సైతము గాలిలో విడువరాదు. 2016లో కిగాలీ నగరమున దేశములు దీని వాడుకను క్రమముగా తగ్గింప నిశ్చయించినవి.

పెద్దలారా! తన వస్తువును తాను బాగుచేసికొనుట గౌరవమైన పని. మన కమ్మరియు, వడ్రంగియు నాగలిని విరుగగానే పారవేయలేదు. విరిగిన చోటు చూచి అతికిరి. చల్లగాలి యంత్రమునకును అదే నీతి. చూచుట, విప్పుట, శుభ్రపరచుట, బిగించుట యజమాని చేతిలోని పనులు. వాయువును పట్టుట మాత్రము అర్హుడైన పనివాని కప్పగింపవలయును. మీ గ్రామమున కారు గలవా రెవరైన గ్యాసు పట్టింప బోవునపుడు, కారుచున్న చోటు ముందు చూపుమని పనివానితో చెప్పుటకు ఈ ప్రసంగము తోడ్పడినచో శ్రమ ఫలించినట్లే.