పాత కంప్యూటరుకు క్రొత్త డిస్కు

కంప్యూటరులో మానిటరు పాడైతే బజారుకు వెళ్లి మరొకటి తెచ్చుకుంటాము. కీబోర్డు, మౌసు, కడకు మదర్‌బోర్డు అయినా డబ్బుతో తిరిగి వచ్చే వస్తువులే. డబ్బుతో తిరిగి రానిది ఒక్కటే ఉన్నది. అది కంప్యూటరు డబ్బా లోపల నాలుగు స్క్రూలతో బిగించిన హార్డు డిస్కులో మనము దాచుకున్న సమాచారము. నాయనమ్మగారి చివరి ఫోటోలు, పెద్దమ్మాయి పెండ్లి వీడియో, పొలము దస్తావేజుల స్కానులు, పిల్లల మార్కుల కాగితములు, సంఘపు బాప్తిస్మపు రిజిష్టరు, కానుకల లెక్కలు, ఇవన్నీ అరచేతిలో పట్టే ఆ లోహపు పెట్టెలోనే ఉంటాయి.

మన ఊళ్లలో చాలా ఇండ్లలోను, బడులలోను, సంఘపు ఆఫీసులలోను పది పన్నెండేండ్ల క్రిందట కొన్న డెస్క్‌టాప్ కంప్యూటర్లు ఇంకా పని చేస్తూనే ఉన్నాయి. ప్రొద్దున స్విచ్ వేసి, టీ త్రాగి వచ్చేసరికి గాని తెర కుదురుకోదు. "ముసలిదైపోయింది, అమ్మేద్దాం నాన్నా" అంటారు పిల్లలు. చాలాసార్లు ముసలిదైనది కంప్యూటరు కాదు, దానిలోని డిస్కు. దానిని మార్చడము ఇంటరు చదివే అబ్బాయో అమ్మాయో ఒక మధ్యాహ్నములో చేయగల పని. కావలసినవి ఒక స్టార్ స్క్రూ డ్రైవరు, కొంత ఓపిక. అయితే వరుస తప్పకూడదు. వరుస తప్పితే పోయేది కంప్యూటరు కాదు, ఫోటోలు.

ముందు ఈ డిస్కు లోపల ఏమి జరుగుతుందో చూడండి. అద్దమువలె మెరిసే పళ్లెములు నిమిషానికి 5400 లేక 7200 సార్లు తిరుగుతుంటాయి. 7200 అంటే సెకనుకు 120 చుట్లు. సన్నని చేతి కొసన ఉన్న హెడ్డు ఆ పళ్లెముల మీద వ్రాస్తుంది, చదువుతుంది. గ్రామఫోను ముల్లువలె అది తాకదు. పళ్లెము తిరిగే వేగానికి పుట్టిన గాలి పొర మీద తేలుతుంది. ఆ ఎడము మన తల వెంట్రుక మందములో కొన్ని వేల వంతులలో ఒక వంతు! 1956లో ఐ.బి.ఎం. కంపెనీ మొట్టమొదటి డిస్కు యంత్రము తెచ్చినప్పుడు అందులో 24 అంగుళాల పళ్లెములు 50 ఉండేవి. అంత చేసి అందులో పట్టినవి 50 లక్షల అక్షరములు. ఈనాటి ఫోనుతో తీసిన ఒక్క ఫోటోకు సరిపోవును.

ఇంత సున్నితమైన వస్తువును మనము ఎక్కడ పెడతాము? లో వోల్టేజి ఉన్న ఇంటిలో, కిటికీ ప్రక్కన, నేల మీద. ఊడ్చేటప్పుడు నడుస్తున్న కంప్యూటరునే ప్రక్కకు జరుపుతాము. వ్రాస్తున్న సమయములో కరెంటు పోతే ఆ ఫైలు సగములో ఆగిపోతుంది. దుమ్ము డిస్కు లోపలికి పోదు గాని ఫ్యాన్లను మూసివేసి వేడి పెంచుతుంది. (డబ్బా విప్పినప్పుడు బల్లి కనబడితే కంగారు పడకండి. పల్లెటూరి కంప్యూటరులో అది మామూలే.) చిన్న యు.పి.ఎస్. ఒకటి ఉంటే డిస్కుకు ఆయుష్షు పెరుగుతుంది.

డిస్కు చెడిపోయే ముందు చాలాసార్లు చెబుతుంది. ఒక ఫోల్డరు తెరవడానికి నిమిషాలు పట్టడము, ఫైలు కాపీ అవుతూ ఒకేచోట ఆగిపోవడము అలాంటి గుర్తులు. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాము వేసి చూస్తే డిస్కు తన గురించి తాను వ్రాసుకున్న లెక్క కనబడుతుంది. నీలము ఉంటే మంచిది, పసుపు ఉంటే జాగ్రత్త, ఎరుపు ఉంటే ప్రమాదము. పసుపు వచ్చిన రోజే పని మొదలుపెట్టండి. అయితే నీలము ఉన్నది గదా అని నిశ్చింతగా ఉండరాదు. హెచ్చరిక లేకుండ ఆగిపోయే డిస్కులు కూడా ఉన్నాయి.

టిక్కు టిక్కుమని ఒకే లయలో శబ్దము వస్తుంటే మాత్రము వెంటనే ఆపివేయండి. మరొకసారి చూద్దామని పదిసార్లు స్విచ్ వేస్తే హెడ్డు పళ్లెమును గీకివేస్తుంది. ఫ్రిజ్జులో పెడితే బాగవుతుందని చెప్పేవారున్నారు. వినకండి, తేమ చేరి ఉన్నది కూడా పోతుంది. మూత అసలు విప్పకూడదు. అలాంటి డిస్కులను దుమ్ము లేని ప్రత్యేకమైన గదులలో విప్పి సమాచారము తీసేవారు నగరములలో ఉన్నారు. దానికయ్యే ఖర్చు కొన్నిసార్లు కంప్యూటరు ఖరీదును మించును. లోపల ఉన్నది అంత విలువైనదో కాదో ఇంటిల్లిపాది కూర్చుని తేల్చుకోవలసినదే.

డిస్కు ఇంకా నడుస్తుంటే మొదటి పని స్క్రూ డ్రైవరు పట్టుకోవడము కాదు, కాపీ తీయడము. యు.ఎస్.బి.తో తగిలించే బయటి హార్డు డిస్కు ఒకటి కొనండి, లేదా తెలిసినవారిని అడిగి తెచ్చుకోండి. 500 జి.బి. సమాచారము సెకనుకు 100 ఎం.బి. చొప్పున పోతే సుమారు గంటన్నర పడుతుంది. పాత రకము యు.ఎస్.బి. అయితే నాలుగైదు గంటలు. కరెంటు కోత లేని వేళ చూచి మొదలుపెట్టండి. డెస్క్‌టాప్ మీద ఉన్నవి, డాక్యుమెంట్స్, పిక్చర్స్, డౌన్‌లోడ్స్ ఫోల్డర్లు, డి డ్రైవులోనివి అన్నీ తీయండి. మిల్లు లెక్కలో దుకాణపు లెక్కలో టాలీలో ఉంటే వాటి డేటా ఫోల్డరు వేరే చోట ఉంటుంది, వెదికి తీయండి. కాపీ అయిన తరువాత ఆ బయటి డిస్కును మరొక కంప్యూటరుకు తగిలించి నాలుగు ఫోటోలు, రెండు ఫైళ్లు తెరచి చూడండి. తెరచి చూడని కాపీని కాపీ అని లెక్కపెట్టకండి.

తెలుగులో డి.టి.పి. చేసినవారికి ఇంకొక చిక్కు ఉన్నది. సంఘపు పాటల పుస్తకములు, పెండ్లి పత్రికలు, వార్షిక నివేదికలు పేజ్‌మేకరులో అను ఫాంట్లతో కట్టిన ఫైళ్లు ఎన్నో పాత కంప్యూటర్లలో పడి ఉన్నాయి. ఆ ఫాంటు లేని కంప్యూటరులో ఆ ఫైలు తెరిస్తే తెలుగు బదులు ఇంగ్లీషు అక్షరములు, గుర్తులు కలగాపులగముగా కనబడతాయి. ఫైలు ఉన్నా చదవలేము. అందుచేత ఫైళ్లతోపాటు ఫాంట్లు కూడా కాపీ చేయాలి. ఇంకా మంచి పని, పాత కంప్యూటరు నడుస్తున్నప్పుడే ఆ ఫైళ్లను పి.డి.ఎఫ్.లుగా మార్చి పెట్టుకోవడము. అప్పుడు ఏ ఫోనులోనైనా చదువుకోవచ్చును. ఒక తరము వారు కూర్చుని టైపు చేసిన పని ఒక ఫాంటు లేకపోవడము వలన పోకూడదు గదా!

ఇక క్రొత్త డిస్కు సంగతి. విండోస్ ఉండే డిస్కు ఎస్.ఎస్.డి. అయితే మంచిది. దీనిలో తిరిగే పళ్లెములు లేవు. 1980లలో తోషిబా కంపెనీలో ఫుజియో మసువోకా రూపొందించిన ఫ్లాష్ మెమొరీ చిప్పులు ఉంటాయి. రికార్డు గదిలో గుమాస్తా ఒక్కొక్క కాగితానికి నిచ్చెన ఎక్కి దిగినట్లు హార్డు డిస్కులో హెడ్డు అటూ ఇటూ తిరుగుతుంది. ఎస్.ఎస్.డి.లో కాగితములన్నీ బల్ల మీదనే ఉన్నట్లు. సాటా రకము ఎస్.ఎస్.డి. సెకనుకు సుమారు 550 ఎం.బి. వరకు చదువగలదు. పాత మదర్‌బోర్డులో అందులో సగమే వచ్చినా తేడా ఇంటిలో అందరికీ తెలుస్తుంది.

అయితే ఎస్.ఎస్.డి.కి రెండు లోపములున్నాయి. అది పోయేటప్పుడు టిక్కు టిక్కుమనదు, ఒక్కసారిగా పోతుంది. కరెంటు తగిలించకుండ ఏండ్ల తరబడి బీరువాలో పెడితే అందులోని సమాచారము చెరిగిపోవచ్చును. కాబట్టి విండోస్ కొరకు ఎస్.ఎస్.డి., ఫోటోలు దాచడానికి మామూలు హార్డు డిస్కు, రెండూ ఒకే డబ్బాలో బిగించుకోవడము మంచి ఏర్పాటు. మరొక కాపీ వేరే ఇంటిలో ఉండాలి. సంఘపు రిజిష్టరు కాపీ సంఘ పెద్దలలో ఒకరి ఇంటిలో ఉంటే మేలు. కాగితపు రిజిష్టరును మాత్రము పారవేయకండి.

సికింద్రాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటరుకు వెళ్లినా, మీ పట్టణములోని దుకాణములో కొన్నా బిల్లు తప్పక తీసుకోండి. వారంటీ బిల్లుతోనే నిలుస్తుంది. నమ్మలేనంత తక్కువ ధరకు 2 టి.బి. అని అమ్మేవాటిలో నకిలీలు ఉంటాయి. నిండేవరకు బాగానే తీసుకుని ఆ తరువాత వ్రాసినదానిని మ్రింగివేస్తాయి. 500 జి.బి. అని కొన్నది విండోస్‌లో 465 అని చూపితే అది మోసము కాదు. కంపెనీ వారు వెయ్యితో లెక్కపెడతారు, విండోస్ 1024తో లెక్కపెడుతుంది, అంతే.

ఇప్పుడు స్క్రూ డ్రైవరు తీయండి. కంప్యూటరు షట్‌డౌన్ చేసి ప్లగ్గు పూర్తిగా ఊడదీయండి. ఆ తరువాత పవర్ బటను కొన్ని సెకన్లు నొక్కితే మిగిలిన కరెంటు పోతుంది. డబ్బాను బల్ల మీద ప్రక్కకు పడుకోబెట్టి, ముందు నుండి చూస్తే ఎడమ ప్రక్కనున్న రేకు తీయండి. సాధారణముగా దాని స్క్రూలు వెనుక రెండు ఉంటాయి. లోపల దేనినీ ముట్టుకొనక ముందు డబ్బా ఇనుప చట్రమును తాకండి, ఒంటిలోని స్థిర విద్యుత్తు దిగిపోతుంది. నైలాను చీర, ఉన్ని స్వెట్టరు ఆ పూటకు వద్దు. ఏ వైరు ఎక్కడ ఉన్నదో ఫోనుతో ఒక ఫోటో తీసి పెట్టుకోండి.

డిస్కుకు రెండు కేబుళ్లు వస్తాయి. 7 కాంటాక్టుల సన్ననిది సమాచారము కొరకు, 15 కాంటాక్టుల వెడల్పాటిది కరెంటు కొరకు. రెండిటికీ ఒక కొస వంగి ఉంటుంది కనుక తిరగేసి పెట్టడము కుదరదు. కుదరకపోతే బలము చేయకుండ త్రిప్పి పెట్టండి. ఊడదీసేటప్పుడు వైరు పట్టి లాగకూడదు, క్లిప్పు ఉంటే నొక్కి తలకాయ పట్టుకుని తీయాలి. పెద్ద హార్డు డిస్కు స్క్రూల మరలు లావుగా, ఎస్.ఎస్.డి. స్క్రూల మరలు సన్నగా ఉంటాయి. ఒకదానివి మరొకదానికి బిగిస్తే మరలు అరిగిపోతాయి. ఎస్.ఎస్.డి. చిన్నది గనుక దానికొక అడాప్టరు చట్రము అమ్ముతారు. డబ్బా నిలబెట్టినా పడుకోబెట్టినా దానికి ఒకటే. రెండవ డిస్కుగా పెడుతుంటే ఇంకొక సాటా కేబులు కొనాలి, డిస్కుతో సాధారణముగా ఇవ్వరు. కరెంటు వైరు చాలక అడాప్టరు కొనవలసివస్తే వైర్లను ప్లాస్టికులో పోతపోసిన చౌక రకము వద్దు. లోపల వైర్లు ఒకదానికొకటి తగిలి కాలిపోయినవి ఉన్నాయి.

కొంచెము క్రొత్త మదర్‌బోర్డులలో ఎం.2 అనే గాడి ఉంటుంది. చూయింగ్ గమ్ బిళ్ల ఆకారములో, 22 మిల్లీమీటర్ల వెడల్పు, ఎక్కువగా 80 మిల్లీమీటర్ల పొడవు ఉన్న డిస్కును ఏటవాలుగా దూర్చి, క్రిందికి నొక్కి, చిన్న స్క్రూతో బిగిస్తారు. ఎం.2 అనేది ఆకారము పేరు మాత్రమే. అందులో సాటా రకమున్నది, ఎన్.వి.ఎం.ఇ. రకమున్నది. మీ బోర్డు ఏది తీసుకుంటుందో పుస్తకములో చూచి కొనండి. 40 పిన్నుల వెడల్పాటి రిబ్బను కేబులు ఉన్న మరీ పాత కంప్యూటరు అయితే దానికి క్రొత్త డిస్కు కొనడము దండుగ. యు.ఎస్.బి. కన్వర్టరు తెచ్చి, ఉన్నది కాపీ తీసుకుని దానికి సెలవు ఇవ్వండి.

విండోస్‌ను క్రొత్త డిస్కుకు చేర్చడానికి రెండు దారులు. పాత డిస్కును ఉన్నది ఉన్నట్లు క్లోను చేయవచ్చును. క్లోన్‌జిల్లా అనే ఉచిత ప్రోగ్రాము ఆ పని చేస్తుంది, కాని ఏది పాత డిస్కు, ఏది క్రొత్తది అని అడిగినప్పుడు తారుమారు చేస్తే ఖాళీ డిస్కు వచ్చి ఫోటోల మీద పడుతుంది. డిస్కు పేరు, సైజు ఇద్దరు చూచి పైకి చదువుకుని నొక్కండి. క్లోను అయ్యాక మొదటిసారి స్విచ్ వేసేటప్పుడు పాత డిస్కు కేబులు ఊడదీసి ఉంచాలి. లేకపోతే ఒకే గుర్తు ఉన్న ఇద్దరిని చూచి విండోస్ తికమకపడుతుంది. రెండవ దారి విండోస్‌ను క్రొత్తగా వేసుకోవడము. పాత డిస్కు పసుపులోనో ఎరుపులోనో ఉంటే నేను ఇదే మేలంటాను. అప్పుడు కూడా పాత డిస్కు ఊడదీసే ఉంచండి. తగిలించని డిస్కును ఎవరూ చెరపలేరు. విండోస్ 10కి మైక్రోసాఫ్టు వారి ఉచిత మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినది. విండోస్ 11 చాలా పాత యంత్రముల మీద ఎక్కదు. అలాంటివాటికి లినక్స్ మింట్ ఉచితముగా వేసుకోవచ్చును, కాని పేజ్‌మేకరు, టాలీ కావలసినవారికి అది సరిపడదు.

క్రొత్త డిస్కు తగిలించినా కనబడలేదని భయపడేవారున్నారు. బయోస్‌లో దాని పేరు ఉంటే డిస్కు మంచిదే. విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్‌కు వెళ్లి దానిని ఇనీషియలైజ్ చేసి ఫార్మాటు చేస్తే కనబడుతుంది. ఇది ఖాళీ డిస్కు మాట. పాత డిస్కు తిరిగి తగిలించినప్పుడు "వాడాలంటే ఫార్మాటు చేయాలి" అని తెర మీద వస్తే వద్దు అని నొక్కి, ఊడదీసి, తెలిసినవారికి చూపండి. ఫోటోలు అప్పటికి చాలావరకు లోపలే ఉంటాయి. అవును అని నొక్కితే వాటిని తిరిగి తీయడము కష్టము.

పాత డిస్కును తుక్కువానికి వెంటనే వేయకండి. ఫార్మాటు చేసినంత మాత్రాన ఫైళ్లు పోవు, విషయ సూచిక మాత్రమే పోతుంది. ఆడపిల్లల ఫోటోలు, ఆధారు కార్డులు, బ్యాంకు పాసుపుస్తకముల స్కానులు తెలిసినవాడు తిరిగి తీయగలడు. ముందు దానిపై తేదీ వ్రాసి, గుడ్డలో చుట్టి ఒక నెల బీరువాలో ఉంచండి. ఏదైనా కాపీలో మరచినట్లయితే ఆ నెలలో బయటపడుతుంది. ఆ తరువాత నడిచే డిస్కు అయితే మొదటినుండి చివరివరకు పైన వ్రాసి చెరిపే ప్రోగ్రాముతో తుడవండి. నడవనిదైతే పళ్లెముల గుండా డ్రిల్లుతో రంధ్రములు వేయాలి. కొన్ని డిస్కులలో పళ్లెములు గాజువి, పగిలి చిమ్ముతాయి. కళ్లద్దాలు పెట్టుకుని, పిల్లలను దూరముగా ఉంచి చేయండి.