విమానం తిరుగుదారి లెక్క

రాయలసీమలో గొర్రెల కాపరి ఎండకాలంలో దూరపు మేతకు పోయేటప్పుడు సొరబుర్ర నిండా నీళ్ళు తీసుకుపోతాడు. పోయిన చోట కుంట ఎండిపోయి ఉంటే? తిరిగి ఊరు చేరేదాకా ఆ నీళ్ళే దిక్కు. నడిసముద్రంలోని దీవికి ఎగిరే విమానానిదీ ఇదే పద్ధతి. అది నీళ్ళకు బదులు ఇంధనం తీసుకుపోతుంది.

కర్నూలు, కడప విద్యార్థులు కొందరు అండమాన్ దీవులు చూడాలనుకున్నారనుకుందాం. కడప నుంచి 2015లోను, కర్నూలు దగ్గరి ఓర్వకల్లు నుంచి 2021లోను ప్రయాణికుల విమానాలు మొదలయ్యాయి. అయితే అండమాన్ వెళ్ళాలంటే ముందు చెన్నై వంటి పెద్ద నగరం చేరుకోవాలి. ముంబయి–చెన్నై రైలుమార్గం కడప మీదుగానే పోతుంది కనుక అది కష్టం కాదు. చెన్నై నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు ఆకాశమార్గాన సుమారు 1,360 కిలోమీటర్లు. ఆ ఊరికి 2024లో శ్రీ విజయపురం అని పేరు పెట్టారు. దారి పొడవునా కింద కనిపించేది బంగాళాఖాతమే.

విమానం అక్కడికి చేరేసరికి కుంభవృష్టి కురుస్తూ రన్‌వే కనబడకపోతే ఏం చేయాలి? హైదరాబాదులో దిగలేని విమానం బెంగళూరుకో, చెన్నైకో మళ్ళుతుంది. పోర్ట్ బ్లెయిర్ చుట్టూ వెయ్యి కిలోమీటర్ల లోపల మన దేశపు పెద్ద పౌర విమానాశ్రయం మరొకటి లేదు. కొన్నిసార్లు విమానాలు మళ్ళీ చెన్నైకే తిరిగి వచ్చాయి కూడా. కడపలో ఏడాదికి సుమారు 700 మిల్లీమీటర్ల వాన పడితే, పోర్ట్ బ్లెయిర్‌లో సుమారు 3,000 మిల్లీమీటర్లు పడుతుంది. మన రైతులు ఎదురుచూసే నైరుతి ఋతుపవనం మే నెలలోనే ఆ దీవులను తాకుతుంది. కాబట్టి జనవరి నుంచి ఏప్రిల్ దాకా ప్రయాణానికి అనువైన కాలం.

ఇక గాలి సంగతి చూద్దాం. వానాకాలంలో దక్షిణ భారతం మీద చాలా ఎత్తున తూర్పు నుంచి పడమటికి బలమైన గాలి వీస్తుంది. దీన్ని తూర్పు జెట్ ప్రవాహం అంటారు. 1950లలో దీన్ని వివరించిన వారిలో ముఖ్యుడు వాతావరణ శాస్త్రజ్ఞుడు పి. కోటేశ్వరం. ఈ గాలి అండమాన్ వెళ్ళే విమానానికి ఎదురుగాలి. తిరిగి వచ్చేదానికి వెనుక నుంచి తోడు.

విమానం వేగం గంటకు 800 కిలోమీటర్లు, గాలి వేగం 60 కిలోమీటర్లు అనుకోండి. పోయేటప్పుడు నేల మీది లెక్కన వేగం 740. సుమారు 1 గంట 50 నిమిషాలు పడుతుంది. వచ్చేటప్పుడు 860, సుమారు 1 గంట 35 నిమిషాలు చాలు. మధ్యతరహా జెట్ విమానం గంటకు సుమారు రెండున్నర టన్నుల ఇంధనం కాలుస్తుంది. పోవడానికి నాలుగున్నర టన్నులకు పైగా, దిగలేకపోతే చెన్నైకి తిరిగి రావడానికి మరో నాలుగు టన్నులు కావాలి. ఆపైన కనీసం అరగంట గాలిలో ఉండగలిగేంత ఇంధనం మిగలాలి. అంతా కలిపితే పది టన్నుల దాకా అవుతుంది. అలాగని ఇష్టం వచ్చినంత నింపకూడదు. బరువు పెరిగిన కొద్దీ ఆ బరువును మోయడానికే మరికొంత ఇంధనం ఖర్చవుతుంది.

నడిదారిలో ఇంజను చెడితే ముందుకు పోవాలా, వెనక్కి రావాలా? ఇది అప్పటికప్పుడు ఆలోచించే విషయం కాదు. ఎటు వెళ్ళినా ఒకే కాలం పట్టే చోటును చోదకులు ముందే గుర్తించి ఉంచుకుంటారు. గాలి లేకపోతే అది సరిగ్గా సగం దూరంలో, అంటే 680 కిలోమీటర్ల దగ్గర ఉంటుంది. పైన చెప్పిన గాలిలో అది 1,360 × 860 ÷ 1,600 = 731 కిలోమీటర్ల దగ్గరికి జరుగుతుంది. వెనక్కి రావడానికి గాలి సాయం చేస్తుంది కనుక సగం దాటాక కూడా కొంతదూరం వరకు చెన్నైయే ముందు అందుతుంది.

గాలి వేగం 100 కిలోమీటర్లయితే ఆ చోటు ఎక్కడ ఉంటుందో మీరే కట్టి చూడండి. 765 వస్తే మీ లెక్క సరైనదే.