సోమసూత్రం దగ్గర ఆగే అడుగు

కార్తీక సోమవారం వచ్చిందంటే కిషన్‌బాగ్ కాశీబుగ్గ మొదలు పాతబస్తీ శివాలయాలన్నీ కిటకిటలాడతాయి. లోపల అర్చకులు చదివే నమకచమకాలు యజుర్వేదంలోనివి. బయట సంప్రదాయం తెలిసిన ఇల్లాలు అభిషేక జలం వచ్చే తూము దగ్గర టక్కున ఆగి, వచ్చిన దారినే వెనక్కి మళ్లుతుంది. ఆ తూమే సోమసూత్రం. దాన్ని దాటకుండా చేసేది చండి ప్రదక్షిణం. శివుడికి సమర్పించిన నిర్మాల్యం చండీశ్వరుడిదనే నియమం కూడా దీనితో ముడిపడిందే. వీటిని నేర్పింది వేదం కాదు, శైవాగమ సంప్రదాయం. మంత్రం వేదానిదైనా, గుడిలో మన నడక ఆగమానిది.

ఆ శైవాగమాల్లో మూలాగమాలు 28. వాటిలో శివభేదం 10, రుద్రభేదం 18. వాటి కింద రెండువందలకు పైగా ఉపాగమాలను సంప్రదాయం లెక్కిస్తుంది. ‘ఉప’ అనగానే అవి మూలానికి అనుబంధాలేననీ, ప్రమాణంలో ఒక మెట్టు తక్కువనీ అనుకోవడం సహజం. పాతబస్తీని ఒరుసుకుని పారే మూసీ కూడా కృష్ణకు ఉపనదే. అంతమాత్రాన ఈ నగరానికి అది చిన్న ఏరు కాలేదు. కామికాగమానికి ఉపాగమమైన మృగేంద్రాన్నే చూడండి. కాశ్మీరానికి చెందిన భట్ట నారాయణకంఠుడు దానికి వ్యాఖ్య రాశాడు. 12వ శతాబ్దంలో తమిళదేశపు అఘోరశివాచార్యుడు ఆ వ్యాఖ్యను మళ్లీ వివరించాడు. మూలమని చెప్పుకునే కామికంలో ఇప్పుడు మనకు దొరికే పాఠం ఆ పాత వ్యాఖ్యాతల తర్వాత రూపుదిద్దుకున్నదని పలువురు పరిశోధకుల అభిప్రాయం. అంటే వరసలో పిల్ల అయినది వయసులో పెద్దదన్నమాట.

మృగేంద్రం తొలి అధ్యాయం నాకు మరీ ఇష్టం. భరద్వాజాది మునులు శివుణ్ని అర్చిస్తుంటే ఇంద్రుడు తాపసి వేషంలో వచ్చి నిలదీస్తాడు. దేవత అంటే మంత్రంలోని శబ్దమేనంటాడు. రూపమే ఉంటే వేరువేరు చోట్ల ఒకేసారి పూజించేవారందరి దగ్గరా ఎలా ఉండగలడని అడుగుతాడు. కార్తీక సోమవారం వెయ్యి గుళ్లలో ఒకే శివుడు ఎలా ఉంటాడని ఇంట్లో పిల్లవాడు అడిగే ప్రశ్నే ఇది! మన శరీరాలకున్న హద్దులు ఈశ్వరుడికి లేవని మునులు తర్కంతోనే బదులిస్తారు. ఇంద్రుడికి కోపం రాదు. సంతోషించి, నిజరూపం చూపి, ఆ మునులకే శివజ్ఞానం బోధిస్తాడు. ప్రశ్నతో మొదలయ్యే శాస్త్రాన్ని పూజావిధుల పట్టికగా చూడటం అన్యాయం.

తెలుగు శైవం బసవన్నదీ పాల్కురికి సోమనాథుడిదీ కదా, గుడి క్రతువుల ఆగమాలతో మనకేం పని అని అడగవచ్చు. ఫలక్‌నుమా దగ్గరి జంగంమెట్ పేరులోనే వీరశైవ గురువులైన జంగములున్నారు. ఆ వాదాన్ని తేలిగ్గా తోసేయలేం. కానీ 13వ శతాబ్దంలోనే, 1261 నాటి మల్కాపురం శాసనం తెలుగు శైవంలో రెండో పాయను, ఆగమ శైవాన్ని, చూపిస్తోంది. ఆగమ శైవులదైన గోళకీ మఠానికి ఆచార్యుడైన విశ్వేశ్వర శివాచార్యుడికి కాకతీయ రాణి రుద్రమదేవి మందడం గ్రామాన్ని దానమిచ్చింది. వెలగపూడి కూడా ఆ దానంలో చేరింది. నేటి ఆంధ్రప్రదేశ్ సచివాలయం ఉన్నది ఆ వెలగపూడిలోనే. ఆ దానంతో అక్కడ నడిచినవి గుడి, మఠం మాత్రమే కావు: వేదాలతో పాటు ఆగమమూ చెప్పే పాఠశాల, అన్నసత్రం, ఆరోగ్యశాల, ప్రసూతిశాల. ఆగమం తెలిసిన గురువు చేతిలో పురుడు పోసే ఇల్లు కూడా ఉండేదంటే, అది గర్భగుడి గోడల మధ్య బందీ అయిన విద్య ఎలా అవుతుంది? పైగా వీరశైవులు సైతం సూక్ష్మం, పారమేశ్వరం వంటి ఆగమాలను ప్రమాణంగా చూపుతారు.

దీక్ష లేనివారు వీటిని ముట్టరాదన్న అభ్యంతరాన్ని గౌరవిస్తాను. ఆగమంలో పూజాదీక్షల భాగమైన క్రియాపాదంలోని విధులు గురుముఖంగానే నేర్వవలసినవి. అయితే తత్త్వం చెప్పే మృగేంద్రం విద్యాపాదం 1930లోనే కాశ్మీర గ్రంథమాలలో అచ్చయింది. పుదుచ్చేరి ఫ్రెంచి సంస్థలో ఎన్.ఆర్. భట్ వంటి పండితులు తాటాకులను సరిపోల్చి ఆగమాలనూ ఉపాగమాలనూ పరిష్కరించారు. అక్కడి శైవ తాళపత్రాలను 2005లో యునెస్కో ప్రపంచ స్మృతి పట్టికలో చేర్చింది. పండితులకు, పరదేశీయులకు తెరిచిన పుస్తకం సోమసూత్రం దగ్గర ఆగే ఆ ఇల్లాలికి మూసి ఉండటంలో న్యాయం లేదు. తెలుగు లిపిలో, తేట తాత్పర్యంతో, ముందుగా ఇంద్రుడి ప్రశ్న ఉన్న ఆ ఒక్క అధ్యాయమైనా గుడి ముందు పూలకొట్టు పక్కన దొరకాలి.