ఓడపనివారి గాయములు – ఇల్లాండ్ర కర్తవ్యము

సముద్రమునకు దూరముగా, హైదరాబాదు తూర్పుభాగమున, దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ ప్రాంతములలో నివసించు మనకు ఓడల ముచ్చట యేల యని కొందఱు తలంపవచ్చును. కాని వాణిజ్యనౌకలలో పనిచేయువారందఱును తీరమున పుట్టినవారే కారు. కొన్ని నెలల యొప్పందముపై ఓడ నెక్కి, గడువు తీరగనే యిల్లు చేరువారు మన కాలనీలలోను కలరు. విశాఖపట్టణమున నైనచో ఇరుగుపొరుగువారికి ఓడసంగతులు కొంత తెలియును. ఇచ్చట గాయపడి వచ్చిన భర్తకు రావలసిన దేమో చెప్పువారు అరుదు.

2019 ఆగస్టు 12వ తేదీన విశాఖపట్టణపు తీరమునకు చేరువనే 'కోస్టల్ జాగ్వార్' అను సేవానౌకలో అగ్ని చెలరేగెను. అందు 29 మంది యుండిరి. ప్రాణభీతిచే వారు సముద్రమున దుమికిరి. తీరరక్షకదళమువారు 28 మందిని పైకి దీసిరి, ఒకరు గల్లంతైరి. ఇట్టి వార్త పత్రికలలో నాలుగు దినములు నిలిచి మఱుగుపడును. కాలిన దేహమున కట్టి మఱుపు లేదు. గాయము మానిన పిదపగూడ మచ్చ గట్టిపడి, చర్మమును లోనికి లాగుకొని, వ్రేళ్లు చాపనీయదు, మోచేయి మడువనీయదు. ఆ మచ్చ మెత్తబడుటకు ఒకటి రెండు సంవత్సరములు పట్టుటయు కలదు. అంతకాలమును వైద్యులు చెప్పిన వ్యాయామమును మానక చేయింపవలెను. నొప్పియని జాలిపడి మాన్పించినచో కీలు బిగిసిపోవును.

అగ్నియే కాదు. రేవున ఓడను కట్టు మోకులు బిగువునకు తెగినచో వెనుకకు కొట్టి కాళ్లు విఱుగగొట్టును. సరకుకొట్టులో పడినవానికి వెన్నునొప్పి జీవితాంతము నిలువవచ్చును. మూసియుంచిన యినుపగదులలో మఱియొక యపాయము కలదు. ఇనుము త్రుప్పుపట్టుచు లోని ప్రాణవాయువును హరించును. మన పల్లెలలో పెద్దలు జొన్నపాతర తెఱచిన వెంటనే దిగక, గాలి పాఱనిచ్చి, దీపము దింపి చూచి దిగెడివారు గదా! ఆ జాగ్రత్త లేక దిగినవాడు స్పృహ తప్పును. బ్రదికి బయటపడినను, మెదడునకు ప్రాణవాయు వందని ఆ కొన్ని నిమిషముల ఫలము మఱపుగాను, నిద్రలేమిగాను, చీటికిమాటికి కోపముగాను పెక్కేండ్లు నిలువవచ్చును. తలకు దెబ్బ తగిలినవారి సంగతియు నిట్టిదే. "ఓడనుండి వచ్చినది మొదలు వీని స్వభావమే మాఱినది" అని తల్లి వగచును. తప్పు కోడలిమీదికి పోవును. అది స్వభావము కాదు, గాయమని ఇంటివారెల్లరు నెఱుగవలెను.

ఇట్టివారు తమ బాధను దాచుట కొక కారణము కలదు. వైద్యుడు దేహదార్ఢ్యపత్ర మిచ్చిననే కాని మఱల ఓడ నెక్కనీయరు. ఆ పత్రమునకు రెండేండ్లకు మించిన గడువు లేదు. నేలపై చక్కగా నడచువాడైనను, ఊగు నోడలో నిచ్చెన లెక్కజాలనిచో జీవనోపాధిని కోల్పోవును. ఆ భయముచే దెబ్బను ఓడలో వ్రాయింపక, యింటికి వచ్చి నూనె రాచుకొని యూరకుందురు. కొన్నినెలలకు నడుము లేవనప్పుడు, అది ఓడలో తగిలినదే యనుటకు ఆధారమేది?

న్యాయము లేకపోలేదు. 2006లో ఏర్పడిన అంతర్జాతీయ నౌకాశ్రామిక ఒడంబడికను మన దేశము 2015లో ఆమోదించినది. దాని ప్రకారము పనిలో గాయపడినవాని వైద్యపువ్యయమును ఓడ యజమాని భరింపవలెను. దేశపు చట్టము దానికి గడువు పెట్టినను, అది గాయపడిన నాటినుండి 16 వారములకు తక్కువ కారాదు. దీర్ఘకాలపు అంగవైకల్యమునకు పరిహార మిచ్చుటకు పూచీ యున్నట్లు తెలుపు పత్రమును ఓడలో అందఱకు కనబడునట్లు పెట్టవలెనని 2017 జనవరి నుండి నియమ మేర్పడినది. వైకల్యము ఎంతయో తేలుట ఆలస్యమైనచో, కష్టము గడచుటకు నడుమ కొంత సొమ్ము చెల్లింపవలెను. ఒప్పందమునకంటె తక్కువకు ఒడబడుమని నిర్బంధింపరాదు.

కావున సోదరీమణులారా! భర్తయో, కుమారుడో ఓడ నెక్కునపుడే ఒప్పందపు ప్రతి యొకటి యింట నుంచుడు. దెబ్బ తగిలినదని ఫోనులో చెప్పినచో, చిన్నదైనను కెప్టెనునకు తెలిపి వ్రాయింపుమని పట్టుపట్టుడు. ఆ నివేదికకును, రేవులోని వైద్యుడిచ్చిన చీటికిని నకళ్లు తెప్పింపుడు. ఇల్లు చేరిన వెంటనే వైద్యునకు చూపుడు. గాయపు ఫలితమెంతయో వైద్యుడు తేల్చకమునుపు "సర్వము ముట్టినది" అను కాగితముపై వ్రాలు చేయనీయకుడు. యజమాని వినిపించుకొననిచో నావికుల సంఘమునకును, ముంబయిలోని నౌకాయాన డైరెక్టరేట్ జనరల్ కార్యాలయమునకును వ్రాయుడు.

మన పెట్టెలలో పట్టుచీరల మడతలక్రింద ఇంటిపత్రములను, బంగారపు చీట్లను భద్రపఱచుచున్నాము. ఓడపనివాని యింట ఆ నాలుగు కాగితములును వానితోపాటు దాచదగినవే.